దంతధావనంలో మరుగునపడిన రెండోపూట: విజయవాడ వన్‌టౌన్ నేపథ్యంలో దంతసంరక్షణ, సమగ్రారోగ్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

దంతసంరక్షణ తెలుగువారి దినచర్యలో మొదటి పని. అయినప్పటికీ పుప్పిపళ్ళు, చిగుళ్ళ వ్యాధులు అన్ని వర్గాల్లోనూ కనిపిస్తున్నాయి. ఈ వైరుధ్యానికి గల కారణాలను అన్వేషించడం ఈ వ్యాసం ఉద్దేశం. చరక, సుశ్రుత, వాగ్భటుల గ్రంథాల్లోనూ, బౌద్ధ వినయ సంప్రదాయంలోనూ కనిపించే దంతధావన విధులను, పాచి, గార వంటి తెలుగు పదాల్లో నిక్షిప్తమైన పరిశీలనను, ఆధునిక దంతవైద్య విజ్ఞానాన్ని ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. ప్రాచీన వైద్యగ్రంథాలు రోజుకు రెండుసార్లు విధించిన దంతధావనం, ఆచరణలో ఉదయకాల శౌచానికే పరిమితమైందని ప్రతిపాదిస్తుంది. ఆలయం, బజారు ఒకేచోట ఉన్న విజయవాడ వన్‌టౌన్ జీవనాన్ని నేపథ్యంగా తీసుకొని, నోటి ఆరోగ్యానికి, దేహారోగ్యానికి గల సంబంధాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: దంతధావనం, దినచర్య, పాచి, గార, చిగుళ్ళ వ్యాధి, మధుమేహం, తాంబూలం, పొగాకు, వన్‌టౌన్.

1. ప్రవేశిక

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అనే సామెత మాటతీరును గురించి చెప్పినదే. వైద్యపరంగా చూసినా ఈ మాట నిలుస్తుంది. ఆహారం దేహంలోకి ప్రవేశించే ద్వారం నోరు. మాట, నవ్వు, రుచి, నమలడం అన్నీ అక్కడే జరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 350 కోట్లమంది ఏదో ఒక నోటి వ్యాధితో బాధపడుతున్నారు. వీటిలో అధికభాగం నివారించదగినవే. అంతకుముందు ఏడాది, 2021లో, ప్రపంచ ఆరోగ్య సభ నోటి ఆరోగ్యంపై ఒక తీర్మానం ఆమోదించి, పంటి వైద్యాన్ని చికిత్సకే పరిమితం చేయక నివారణ వైపు మళ్ళించవలసిన అవసరాన్ని గుర్తించింది.

తెలుగునేలపై నివారణ భావన కొత్తది కాదు. పళ్ళు తోముకోకుండా మంచినీళ్ళు కూడా ముట్టని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంతటి నియమం ఉన్నచోట పళ్ళు ఎందుకు పాడవుతున్నాయన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. పదాల్లో నిలిచిన పరిశీలన: పాచి, గార, పుప్పి

పంటి వ్యాధులకు సంబంధించిన తెలుగు పదాలు గమనించదగినవి. చెరువు మెట్లమీద, నూతి గట్టుమీద తడి నిలిచినచోట పట్టే జారుడు పొరను 'పాచి' అంటారు. నిద్రలేచిన తరువాత పళ్ళమీద ఉండే మెత్తని పొరకు కూడా అదే పేరు. ఆధునిక విజ్ఞానం ఈ పొరను సూక్ష్మజీవుల సముదాయంగా గుర్తించింది. తడి ఉన్న గట్టి ఉపరితలాన్ని అంటిపెట్టుకొని, తమ చుట్టూ జిగురువంటి పదార్థాన్ని నిర్మించుకొని బాక్టీరియా జీవించే విధానం చెరువు రాతిమీదైనా, పంటిమీదైనా ఒకటే. సూక్ష్మదర్శిని లేని కాలంలోనే వాడుకభాష ఈ పోలికను పట్టుకుంది.

తొలగించని పాచిలో లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు చేరి, కొద్ది రోజుల్లోనే అది గట్టిపడటం మొదలవుతుంది. దీనికి తెలుగులో ఉన్న పేరు 'గార'. గోడలకు పూసే సున్నపు పూతకు కూడా గార అనే పేరుంది. నిరుక్తి ఎలా ఉన్నా, వాడుకలో ఈ రెండర్థాలూ ఒకే రూపంలో స్థిరపడ్డాయి. మెత్తగా ఉండి గట్టిపడటం రెండింటికీ సమాన లక్షణం. ఈ తేడా ఆచరణలో ముఖ్యమైనది. పాచిని ఇంట్లో తోముకొని తీసివేయవచ్చు. గార పట్టిన తరువాత ఎంత గట్టిగా తోమినా పోదు, దంతవైద్యుడు పరికరంతో తీయవలసిందే. గార తీయిస్తే పళ్ళు కదులుతాయనే భయం ప్రజల్లో ఉంది. చిగుళ్ళవ్యాధి వల్ల అప్పటికే ఆధారం కోల్పోయిన పళ్ళు, గార పట్టి ఉన్నంతకాలం గట్టిగా ఉన్నట్లు తోస్తాయి. గార తొలగినప్పుడు ఆ వదులు బయటపడుతుంది. కదలికకు కారణం వ్యాధే తప్ప శుభ్రపరచడం కాదు.

'పుప్పిపన్ను', 'పిప్పిపన్ను' అనే మాటలు లోపల కుళ్ళి డొల్లబారిన స్థితిని సూచిస్తాయి. దీనికి పురుగు కారణమనే విశ్వాసం ప్రాచీన బాబిలోనియా మొదలుకొని ఎన్నో దేశాల్లో ఉంది. తెలుగు పల్లెల్లో నేలవాకుడు గింజల పొగ పట్టి పంటిపురుగును తీస్తామనేవారు కూడా ఈ విశ్వాసాన్నే ఆశ్రయించారు. ఫ్రెంచి వైద్యుడు పియర్ ఫోషార్ 1728లో వెలువరించిన గ్రంథంలో పురుగు వాదాన్ని తిరస్కరించాడు. 1890లో డబ్ల్యు.డి. మిల్లర్ అసలు ప్రక్రియను వివరించాడు. నోటిలోని బాక్టీరియా చక్కెరలను, పిండిపదార్థాలను పులియబెట్టి ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పంటి ఉపరితలం వద్ద పి.హెచ్. సుమారు 5.5 కంటే తగ్గినప్పుడు పింగాణిలోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని పలుచబరచి, ఖనిజాలను తిరిగి చేరుస్తుంది. కరగడం, చేరడం అనే ఈ రెండింటి మధ్య సమతుల్యత తప్పినప్పుడే పన్ను పుచ్చుతుంది.

3. శాస్త్రగ్రంథాల్లో దంతధావనం

ఆయుర్వేదంలో దంతధావనం చికిత్స కంటే ముందుగా దినచర్యలో భాగం. అష్టాంగహృదయ సూత్రస్థానంలో రెండో అధ్యాయం దినచర్యకు సంబంధించినదే. జిల్లేడు, మర్రి, చండ్ర, కానుగ, మద్ది వంటి చెట్ల పుల్లలను వాగ్భటుడు సూచించాడు. పుల్ల పన్నెండు అంగుళాల పొడవు, చిటికెనవేలంత లావు ఉండాలని, ముళ్ళు, రంధ్రాలు లేనిదై ఉండాలని సుశ్రుతుడు నిర్దేశించాడు. చేదు రుచిగల వాటిలో వేప, వగరు గలవాటిలో చండ్ర శ్రేష్ఠమని చెప్పాడు. పుల్లతోనే ఆగక నాలుక గీసుకోవడం, పుక్కిలించడం, నూనెను నోటిలో పట్టి ఉంచడం కూడా విధించారు. అజీర్ణం, వాంతులు, జ్వరం, నోటిపూత ఉన్నవారు పుల్లతో తోముకోరాదని హెచ్చరించారు. దంతసంరక్షణను దేహస్థితితో కలిపి చూసిన దృష్టి ఇందులో స్పష్టమవుతుంది.

ఈ విధుల్లో రెండు అంశాలు నేటికీ విలువైనవి. మొదటిది, చిగుళ్ళకు బాధ కలగకుండా తోముకోవాలన్న నియమం. పుల్ల కొనను నమిలి కుంచెలా మెత్తబరచిన తరువాతే వాడమనడంలోని ఉద్దేశం ఇదే. మెత్తని కుచ్చుగల బ్రష్షును ఒత్తిడి లేకుండా వాడమని నేటి దంతవైద్యులు చెప్పేదీ ఇదే. రెండోది కాలనియమం. చరకుడు దంతధావనానికి రెండు కాలాలు విధించాడు. వాగ్భటుడు ఉదయం, భోజనానంతరం అని ఆ రెండింటినీ స్పష్టం చేశాడు.

కృష్ణాతీరం ఒకప్పుడు ప్రధాన బౌద్ధక్షేత్రం. జగ్గయ్యపేట, అమరావతి, ఘంటసాల, భట్టిప్రోలు స్తూపాలు ఇందుకు సాక్ష్యాలు. బౌద్ధ వినయపిటకంలోని చుల్లవగ్గంలో భిక్షువులకు పందుంపుల్ల అనుమతించిన సందర్భం ఉంది. దానిని నమలకపోవడం వల్ల కలిగే దోషాల్లో నోటి దుర్గంధం, రుచి తెలియకపోవడం, ఆహారంపై ఇచ్ఛ తగ్గడం పేర్కొన్నారు. ఏడో శతాబ్ది చివరిలో భారతదేశంలో నివసించిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ దంతకాష్ఠం వాడుకకు తన గ్రంథంలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. పుల్లను చీల్చి నాలుక గీసుకునే పద్ధతినీ వర్ణించాడు. భోజనానంతర శుద్ధిని వివరించినచోట కూడా దంతకాష్ఠంతో పళ్ళను, నాలుకను శుభ్రం చేసుకోవాలని చెప్పాడు. అంటే వైద్యసంప్రదాయంలోనూ, విహారసంప్రదాయంలోనూ దంతశుద్ధికి భోజనంతో సంబంధం ఉంది.

4. రెండోపూట ఎందుకు మరుగునపడింది?

ధర్మశాస్త్ర గ్రంథాలు దంతధావనాన్ని ప్రాతఃకాల శౌచంలో చేర్చాయి. అమావాస్య, పాడ్యమి, ఉపవాసదినాలు, శ్రాద్ధదినాల వంటి సందర్భాల్లో పుల్లను నిషేధించి, పన్నెండు పుక్కిళ్ళతో నోరు శుద్ధి చేసుకోమన్నాయి. ఇక్కడ లక్ష్యం వ్యాధి నివారణ కాదు, అర్హత. స్నానానికి, సంధ్యకు, దేవతార్చనకు ముందు నోరు శుద్ధి కావాలి. 'పాచిముఖం' అనే మాట ఈ దృష్టినే తెలుపుతుంది. రాత్రి గడచిన మొహం దేనికీ పనికిరాదు, తోముకున్న తరువాతే దినం మొదలవుతుంది.

శౌచదృష్టితో చూస్తే ఉదయమే ముఖ్యం. వ్యాధి దృష్టితో చూస్తే రాత్రి ముఖ్యం. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గుతుంది. మింగడం, నాలుక కదలిక కూడా తగ్గుతాయి. చివరి భోజనం తాలూకు పిండి, చక్కెర పళ్ళ సందుల్లో నిలిచిపోతే ఆమ్లాన్ని అడ్డుకునే సహజరక్షణ ఆ గంటల్లో బలహీనంగా ఉంటుంది. కాబట్టి పడుకునే ముందు తోముకోవడమే పుప్పి నివారణలో కీలకమైన చర్య. ఆచారం నిలుపుకున్నది మొదటి పూటను, వ్యాధి కోరుకున్నది రెండో పూటను. ప్రవేశికలో ప్రస్తావించిన వైరుధ్యానికి ఒక ముఖ్యకారణం ఇక్కడ ఉంది.

భోజనానంతరం నోటికి సంబంధించిన పనిని క్రమంగా తాంబూలం ఆక్రమించి ఉండవచ్చు. తమలపాకు, వక్క, ఏలకులు, జాజికాయ వంటివాటిని నోటి సువాసనకోసం ధరించమని చరకుడే చెప్పాడు. కానీ అది దంతధావనానికి అదనంగా చెప్పినది. వాసనను మరుగుపరచడం, పాచిని తొలగించడం ఒకటి కావు.

5. వన్‌టౌన్: ఆలయం, బజారు, కొండ

విజయవాడ వన్‌టౌన్ ఈ రెండు దృష్టులూ ఎదురెదురుగా నిలిచే ప్రాంతం. ఒకవైపు ఇంద్రకీలాద్రి, కనకదుర్గ ఆలయం, కృష్ణానదీ ఘట్టాలు ఉన్నాయి. దసరా ఉత్సవాల్లో, భవానీ దీక్షల కాలంలో తెల్లవారుజామున నదీస్నానం, దంతశుద్ధి నియమనిష్ఠలతో సాగుతాయి. మరోవైపు కాళేశ్వరరావు మార్కెట్, సామారంగం చౌక్, వస్త్రలత, పంజా సెంటర్, ఇస్లాంపేట, కొత్తపేట, చిట్టినగర్ వంటి వ్యాపార, శ్రామిక నివాసాలు ఉన్నాయి. బజారు జీవనంలో దినం ఆలస్యంగా ముగుస్తుంది. దుకాణం కట్టి ఇంటికి చేరి భోజనం చేసిన మనిషికి వెంటనే నిద్రపోవడమే మిగులుతుంది. రెండోపూట దంతధావనానికి ఇక్కడ ఆచారబలమూ లేదు, తీరికా లేదు.

పగటి ఆహారపు అలవాట్లు కూడా పరిశీలించదగినవి. ఎంత చక్కెర తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నది పంటికి ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోటిలో ఆమ్లస్థితి ఏర్పడి, అది సర్దుకోవడానికి అరగంట అటూఇటూగా పడుతుంది. పండుగకు ఒకసారి తిన్న బందరు లడ్డూ కంటే, బేరాల మధ్య గంటకొకసారి తాగే తీపి టీ పంటికి ఎక్కువ హాని చేస్తుంది. చెరకు పండే, ఉయ్యూరులో చక్కెర తయారయ్యే కృష్ణా డెల్టాలో తీపి ఆతిథ్యంలో భాగం. దానిని మానమనడం కంటే భోజనంతోపాటు తినమనడం ఆచరణయోగ్యం. రోజువారీ శక్తిలో చేర్చిన చక్కెరల వంటి స్వేచ్ఛా చక్కెరల వాటా 10 శాతానికి లోపు, వీలైతే 5 శాతానికి లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది.

కొండవాలు ఇళ్ళలో నివసించే కుటుంబాలకు, మార్కెట్లలో బరువులు మోసే ముఠా కార్మికులకు పంటివైద్యం మరొక విధంగా దూరమవుతుంది. నగరంలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అయితే పుప్పి నింపించుకోవడానికైనా, వేరుచికిత్సకైనా ఒక్కరోజుతో పని ముగియకపోవచ్చు. రోజుకూలీపై బతికే మనిషికి వెళ్ళిన ప్రతి రోజూ కూలి నష్టమే. నొప్పి భరించలేని స్థితి వచ్చేదాకా ఆగి, చివరికి పన్ను పీకించుకోవడం ఇటువంటి పరిస్థితుల్లో అజ్ఞానం కాదు, లెక్క. ఈ లెక్కను మార్చగలిగేది నివారణ ఒక్కటే. రెండో పూట తోముకోవడానికి కూలి పోదు.

ఇస్లాం సంప్రదాయంలోని మిస్వాక్‌ను కూడా ఇక్కడ ప్రస్తావించాలి. సాల్వడోరా పర్సికా చెట్టు పుల్లతో పళ్ళు శుభ్రపరచుకోవడం ప్రవక్త అలవాటుగా ముస్లింలు ఆదరిస్తారు. ప్రార్థనకు ముందు జరిగే శుద్ధితో దీనికి సంబంధం ఉన్నందువల్ల, రోజులో ఒకసారికే పరిమితం కాని దంతశుద్ధికి ఈ సంప్రదాయంలో ప్రోత్సాహం ఉంది. వన్‌టౌన్ వంటి మిశ్రమ ప్రాంతంలో ఆరోగ్యబోధ చేసేవారికి ఇది ఉపయుక్తమైన ఆధారం.

6. నోటినుంచి దేహానికి

చిగుళ్ళ వెంట నిలిచిన పాచి వల్ల చిగుళ్ళు వాచి, తోమినప్పుడు రక్తం కారుతుంది. ఈ దశలో శుభ్రత పాటిస్తే పూర్వస్థితి వస్తుంది. నిర్లక్ష్యం చేస్తే పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది, అది తిరిగి సులభంగా పెరగదు. రక్తం వస్తున్నదని తోమడం మానడం సాధారణంగా జరిగే పొరపాటు. రక్తం రావడం, అక్కడ మరింత శ్రద్ధగా, మెత్తగా తోమవలసిన అవసరానికి సూచన.

మధుమేహానికి, చిగుళ్ళవ్యాధికి ఉన్న సంబంధం రెండువైపులా పనిచేస్తుంది. రక్తంలో చక్కెర అదుపులో లేనివారిలో చిగుళ్ళవ్యాధి త్వరగా ముదురుతుంది. చిగుళ్ళలో దీర్ఘకాలం ఉన్న వాపు చక్కెర అదుపును కష్టతరం చేస్తుంది. చిగుళ్ళకు చికిత్స చేసినప్పుడు మధుమేహుల్లో చక్కెర సూచిక కొంతమేరకు మెరుగవుతుందని 2022 నాటి కోక్రేన్ సమీక్ష నిర్ధారించింది. గుండె కవాటాలు దెబ్బతిన్నవారిలో నోటి బాక్టీరియా రక్తంలో చేరి కవాటాలకు సోకే ప్రమాదముంది. అటువంటివారు పన్ను తీయించుకునే ముందు తమ గుండెజబ్బు సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. గుండె రక్తనాళాల వ్యాధికి, చిగుళ్ళవ్యాధికి మధ్య సహసంబంధం కనిపించినా, ఒకటి మరొకదానికి కారణమని రుజువు కాలేదు. ఈ తేడాను పాటించకుండా చేసే ప్రచారం శాస్త్రీయం కాదు.

వార్ధక్యంలో పళ్ళు పోవడం పోషణ సమస్య. "పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు" అనే సామెతలోని నిట్టూర్పు వైద్యపరంగానూ నిజం. నమలలేని వృద్ధులు పప్పుగింజలు, పచ్చికూరలు, పండ్లు వదిలి మెత్తని అన్నానికి పరిమితమవుతారు. నలుగురిలో నవ్వడానికి, తినడానికి సంకోచించడం వారిని ఒంటరితనం వైపు నెడుతుంది.

7. పొగాకు, వక్క

నోటిక్యాన్సర్ పరిశోధనలో ఆంధ్రతీరానికి ప్రత్యేకస్థానం ఉంది. చుట్ట నిప్పు కొనను నోటిలో ఉంచుకొని కాల్చే 'అడ్డపొగ' అలవాటుపై పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అంగిలిపై ఏర్పడే మార్పులను 1971లో ప్రచురించారు. కృష్ణా డెల్టాలో సమస్య రూపం వేరు. ఖైనీ, గుట్కా, వక్కపొడి నమలడం ఇక్కడి శ్రామికుల్లోనూ, యువకుల్లోనూ కనిపించే అలవాట్లు. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో వెలువరించిన గ్రంథం నిర్ధారించింది. వక్క నమిలేవారిలో బుగ్గల లోపలి పొర గట్టిపడి క్రమంగా నోరు తెరవడమే కష్టమవుతుంది. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని భారత ప్రభుత్వం 1992లో నిషేధించింది. అయినా పంటినొప్పికి ముక్కుపొడి రాసుకునే అలవాటు కొందరిలో మిగిలే ఉంది. అది నొప్పిని కాసేపు మొద్దుబార్చి, వ్యసనాన్ని అంటగడుతుంది.

రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, నోరు తెరవడంలో ఇబ్బంది కనిపిస్తే ఆలస్యం చేయక పరీక్ష చేయించుకోవాలి.

8. ఆచరణ: పాతదానిలో నిలుపుకోవలసినవి, విడువవలసినవి

పుల్ల, నాలుకబద్ద, పుక్కిలింత నిలుపుకోదగినవి. బొగ్గు, ఇటుకపొడి, ముతక ఉప్పు పింగాణిని అరగదీస్తాయి, అరిగిన పింగాణి మళ్ళీ పెరగదు. వేపపుల్ల వాడేవారు కూడా దానిలో ఫ్లోరైడు లేదని గమనించాలి. ఖనిజాలు తిరిగి పంటిలో చేరడానికి ఫ్లోరైడు తోడ్పడుతుంది. 1,000 నుంచి 1,500 పి.పి.ఎం. ఫ్లోరైడు ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు తోముకోవడం నేటి సాధారణ సూచన. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్ళలోపు వారికి బఠాణీగింజంత పేస్టు చాలు.

ఫ్లోరైడు విషయంలో తెలుగునేలకు చేదు అనుభవం ఉంది. అప్పటి నెల్లూరు జిల్లాలో భూగర్భజలాల వల్ల కలిగిన ఫ్లోరోసిస్‌ను షార్ట్, ఆయన సహచరులు 1937లో నమోదు చేశారు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. నదీజలాల్లో సాధారణంగా ఇది తక్కువగా ఉంటుంది, లోతైన బోరునీటిపై ఆధారపడే గ్రామాల్లో పరీక్ష అవసరం. మింగిన నీటి ద్వారా ఏళ్ళతరబడి చేరే అధికమోతాదు వేరు, పళ్ళపై రాసి ఉమ్మివేసే పేస్టు వేరు.

ఊడిన పాలపన్నును పేడలో పెట్టి ఇంటికప్పుపైకి విసిరే ఆచారం కొన్ని కుటుంబాల్లో ఉంది. కొత్తపన్ను పట్ల ఇంత ఆదరం ఉన్న సమాజంలోనే "ఊడిపోయే పళ్ళే కదా" అని పాలపళ్ళ పుప్పిని ఉపేక్షించడం విచిత్రం. 20 పాలపళ్ళు శాశ్వతదంతాలకు చోటు కాపాడతాయి. ఆరో ఏట వచ్చే మొదటి శాశ్వత దవడపన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వెనుక మొలుస్తుంది. తల్లిదండ్రులు దానిని కూడా పాలపన్నే అనుకోవడం వల్ల తొలినాళ్ళలోనే పుచ్చి, జీవితాంతం ఉండవలసినది పోతుంది.

9. ఉపసంహారం

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. పాచి, గార అనే తెలుగు పదాలు వ్యాధి క్రమాన్ని సరిగా సూచిస్తున్నాయి. ఆరోగ్యబోధలో పరభాషా పారిభాషికాల కంటే ఇవి ఎక్కువగా ఉపకరిస్తాయి.
2. చరక, వాగ్భటులు విధించిన రెండు పూటల దంతధావనం ఆచరణలో శౌచప్రధానమై ఉదయానికే పరిమితమైంది. రాత్రిపూట తోముకోవడం పాశ్చాత్యుల అలవాటు కాదు, మన వైద్యసంప్రదాయంలో ఉన్నదే.
3. వన్‌టౌన్ వంటి వ్యాపార, శ్రామిక ప్రాంతాల్లో పంటివైద్యానికి ప్రధాన అవరోధం రోజుకూలి నష్టం. కాబట్టి నివారణే అందరికీ అందుబాటులో ఉన్న వైద్యం.
4. చిగుళ్ళ ఆరోగ్యం మధుమేహం, గుండెకవాటాల వ్యాధి, వృద్ధుల పోషణలతో ముడిపడి ఉన్నందున దంతసంరక్షణను సమగ్రారోగ్యంలో భాగంగానే బోధించాలి.

ఉదయం పాచిముఖంతో గడప దాటరాదన్న నియమం ఎవరూ పర్యవేక్షించకుండానే తరాలుగా నిలిచింది. రాత్రి పాచినోటితో పక్క ఎక్కరాదన్న నియమాన్ని ఇంటింటా దానికి జతచేయగలిగితే చరకుడు చెప్పిన రెండో కాలం తిరిగి దినచర్యలోకి వస్తుంది.